మ్యూజియం వెనక గది ఎవరి కోసం?

హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ముందు ఒక స్కూలు బృందం ఎంతసేపు నిలబడుతుంది? పది నిమిషాలు కూడా కష్టమే. పిల్లలు వరసగా లోపలికొస్తారు, మెడలు పైకెత్తి నోళ్లు తెరుస్తారు, ఒకరిద్దరు రెయిలింగ్ ఎక్కబోయి తిట్లు తింటారు. అంతలోనే వెనక సెక్షన్ వచ్చేస్తుంది. టీచరు చప్పట్లు కొడతారు, వరస కదులుతుంది.

ఆ పది నిమిషాల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ నిలబడ్డ జంతువు పేరు కోటాసారస్. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర దొరికింది కాబట్టి పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. జురాసిక్ యుగం తొలినాళ్ల జంతువు, అంటే సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటిది. అక్కడ దొరికినవి ఒక్క జంతువు ఎముకలు కావు. కనీసం 12 జంతువులవి కలగాపులగంగా బయటపడ్డాయి. వెన్నుపూసలు, పక్కటెముకలు, కాళ్లు అన్నీ దొరికాయి గానీ పుర్రె మాత్రం దొరకలేదు. తల తాలూకు చేతికి చిక్కినవి రెండే రెండు పళ్లు. అంటే హాల్లోకి రాగానే పిల్లలు అన్నిటికంటే ముందు చూసే ఆ తల, శాస్త్రవేత్తలు లెక్కగట్టి ఊహించి చేసినది.

ఈ ముక్క తొమ్మిదేళ్ల పిల్లకు చెబితే ఊరుకోదు. ‘మరి తల ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పారు?’ అని అడుగుతుంది. దానికి జవాబు కావాలంటే ఆ రెండు పళ్ల ఆకారం దగ్గర మొదలుపెట్టాలి. ఆకులు తినే జంతువు పన్నుకీ మాంసం తినే జంతువు పన్నుకీ తేడా చూపించాలి. దీని దగ్గరి చుట్టాల పుర్రెలు ఎక్కడెక్కడ దొరికాయో చెప్పాలి. అంతా కలిపి తక్కువలో తక్కువ అరగంట మాట. స్కూలు ట్రిప్పులో ఆ అరగంట ఉండదు, ఆదివారం టికెట్టు కొనుక్కుని వచ్చే కుటుంబానికీ దొరకదు. ప్రపంచంలోని పెద్ద నేచురల్ హిస్టరీ మ్యూజియాలు సభ్యుల కోసం పెట్టే సాయంత్రాలు, నడకలు, ప్రసంగాలు, పిల్లల రాత్రులు అన్నీ ఆ అరగంటను దొరకబుచ్చుకునే ఏర్పాట్లే. హైదరాబాదులో అలాంటి ఏర్పాటు ఎలా ఉంటే నిలబడుతుందన్నది అసలు ప్రశ్న.

చౌక టికెట్టు ఊళ్లో సభ్యత్వం ఎవరు కొంటారు?

సభ్యత్వం అనగానే మన మనసు లెక్కలోకి దిగుతుంది. ఏడాదికి ఇంత కడితే ఎన్నిసార్లు ఊరికే వెళ్లొచ్చు, పార్కింగ్ కలిసొస్తుందా, క్యాంటీన్లో తగ్గింపు ఉందా? జిమ్ముకి, క్లబ్బుకి వేసే లెక్కే మ్యూజియానికీ వేస్తాం. ఈ లెక్క మ్యూజియం విషయంలో పనిచేయదు. మన దగ్గర టికెట్టే చౌక. ఏడాదికి రెండుసార్లు వెళ్లే కుటుంబానికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. ఉచిత ప్రవేశాన్ని నమ్ముకుని సభ్యత్వం అమ్మబోయే మ్యూజియం మొదటి ఏడాదే బోల్తా పడుతుంది.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి ఈ సమస్య మరీ ముదిరిన రూపంలో ఉంది. బ్రిటన్ జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలకు 2001 నుంచి టికెట్టే లేదు. ఎవరైనా ఊరికే లోపలికి వెళ్లవచ్చు. అయినా జనం డబ్బు కట్టి సభ్యులవుతున్నారు. ప్రత్యేక ప్రదర్శనలకు ప్రవేశం, సభ్యులకే పరిమితమైన కార్యక్రమాలు, కూర్చుని కాఫీ తాగడానికి ఒక ప్రత్యేక చోటు వాళ్లకు దక్కుతాయి. వీటన్నిటి వెనక మరో సంగతుంది: ఈ మ్యూజియం మనది అనే భావన. ఆ భావనకు ధర కట్టడం కష్టం, కానీ వాళ్లు కట్టి చూపించారు.

ఆ సభ్యుల గదులకు పెట్టిన పేరులో ఒక చమత్కారం ఉంది. అవి మేరీ ఆనింగ్ పేరు మీద ఉన్నాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో కొండచరియల కింద శిలాజాలు ఏరి, అమ్ముకుని బతికిన పేద మహిళ ఆమె. కాలం 1799 నుంచి 1847. ఆమె తవ్వితీసిన సముద్ర సరీసృపాల మీద పెద్దమనుషులు పత్రాలు చదివారు, పేరు తెచ్చుకున్నారు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకోలేదు. ఆడవాళ్లను ఫెలోలుగా తీసుకోవడం ఆ సొసైటీ మొదలుపెట్టిందే 1919లో. సభ్యత్వం దక్కని మనిషి పేరుతో ఇప్పుడు సభ్యుల గదులు! సభ్యత్వం గురించి మాట్లాడేటప్పుడు ఎవరు లోపలున్నారనే దానితోపాటు ఎవరు బయట ఉండిపోయారనేదీ చూడాల్సి వస్తుంది. ఆ మాట మళ్లీ వస్తుంది.

పెట్టినవాళ్లే సభ్యులు

మన దేశంలో ఈ వ్యవహారం తిరగబడి మొదలైంది. ముందు మ్యూజియం కట్టి తర్వాత సభ్యుల్ని వెతుక్కోలేదు. 1883 సెప్టెంబరులో బొంబాయిలో ఎనిమిది మంది కలుసుకున్నారు. నెలకోసారి కూడి, తాము చూసిన పిట్టలు, పాముల సంగతులు చెప్పుకోవాలని, దొరికిన నమూనాలు ఒకరికొకరు చూపించుకోవాలని అనుకున్నారు. అదే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. కొద్ది నెలలకే వాళ్లకు చోటు దొరికింది, అదీ ఫిప్సన్ అనే సభ్యుడి వైన్ వ్యాపారం సాగే భవనంలో. సీసాల్లో సారాయి ఒకవైపు, సీసాల్లో పాములు ఒకవైపు. ఆ తర్వాత వాళ్ల సేకరణ లక్ష నమూనాలు దాటింది. టీ తోటల మేనేజర్లు, అటవీ అధికారులు, రైల్వే ఇంజనీర్లు, డాక్టర్లు, ఎక్కడెక్కడి సభ్యులో పంపినవి అందులో చేరాయి. 1911లో మొదలైన క్షీరదాల సర్వేకి కూడా సభ్యులు జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారు.

హైదరాబాదుకి ఆ సొసైటీతో పాత బంధమే ఉంది. 1931–32లో సలీం అలీ నిజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ ఫలితాలు సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయ్యాయి. తర్వాత 1980లో ఇక్కడే బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పటి డెక్కన్ బర్డర్స్ అదే. నెలనెలా ఒక చెరువుకో అడవికో వెళ్లడం, అప్పుడప్పుడు ఓ గదిలో కూర్చుని ఎవరో ఒకరి ప్రసంగం వినడం, ఇంతే వాళ్ల పద్ధతి. వాళ్ల వార్తాపత్రిక పేరు ‘పిట్ట’. పేరు భలే కుదిరింది. పక్షిశాస్త్రంలో పిట్టా అనే ప్రజాతి పేరు మన తెలుగు మాటలోంచే వెళ్లింది. ప్రపంచమంతా ఆ రంగురంగుల పక్షుల్ని పిట్టా అనే అంటోంది, మనమేమో ఊరపిచ్చుకను కూడా పిట్టే అంటాం.

సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లది ఇంకో దారి. 1996 నుంచి ఊరి చుట్టుపక్కల రాళ్ల మధ్య నడకలు పెడుతున్నారు. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో బండమీద బండ పేర్చినట్టు కనిపించే ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కోటాసారస్ వాటి ముందు నిన్న పుట్టిన పసిగుడ్డు. ఈ రెండు సంఘాలకూ చూపించుకోవడానికి గాజు పెట్టెల హాలు లేదు, పెద్ద భవనం లేదు. అయినా మనుషులు పొద్దున్నే ఐదున్నరకు లేచి వస్తున్నారు. ఈ ఊళ్లో సభ్యులు దొరకరనే మాట తప్పని దీంతోనే తేలిపోతోంది. నమూనాలు దాచిపెట్టే వెనక గది ఉన్నచోట సభ్యులు లేరు, సభ్యులున్నచోట వెనక గది లేదు. మన చిక్కంతా అక్కడుంది.

కలరా ఉండల వాసన

ఏ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనైనా జనానికి కనిపించేది అరచేతి మందం. లండన్ మ్యూజియం దగ్గర 8 కోట్ల నమూనాలున్నాయి, గాజు వెనక పెట్టింది అందులో నలుసంత. మిగతాదంతా లోపలి గదుల్లో, ఇనుప బీరువాల్లో, సొరుగుల్లో, ఆల్కహాల్ సీసాల్లో ఉంటుంది. శాస్త్రవేత్తలు పనిచేసేది ఆ గదుల్లోనే. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం దశాబ్దాలుగా ‘మెంబర్స్ నైట్స్’ పేరుతో ఆ తలుపులు సభ్యులకు తెరుస్తోంది. 1997లో 83 లక్షల డాలర్లకు పైగా పోసి కొన్న ‘సూ’ అనే టైరనోసారస్ వాళ్ల దగ్గరే ఉంది. కానీ ఆ రాత్రుల్లో చూడాల్సింది సూ కాదు, దాన్ని ఏ రోజైనా చూడొచ్చు. చచ్చిన జంతువు ఎముకలకు అంటుకున్న మాంసాన్ని కొరికి శుభ్రం చేసే చిన్న పురుగుల్ని మ్యూజియం పెంచుతుంది. ఆ పురుగుల పెట్టెలాంటివి చూసి ముక్కు మూసుకున్న పిల్లాడు ఇంటికెళ్లి వారం రోజులు అదే కథ చెబుతాడు.

హైదరాబాదులో అలాంటి వెనక గదులకు కొదవలేదు. అత్తాపూర్ వైపు జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం బోటనీ విభాగానికి సొంత హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు ఉంది. బహదూర్‌పురాలో 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు లోపల ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియమే ఉంది. ఏనుగులు, పులుల హడావుడిలో అటు తిరిగేవాళ్లు తక్కువ. ఇన్ని ఉన్నా, ఇవన్నీ కలిసి ఒకే కప్పు కింద ఉండే పెద్ద మ్యూజియం మనకు లేదు. ఢిల్లీలో 1978లో తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయి మాధోపూర్‌లలో ప్రాంతీయ శాఖలు వచ్చాయి, హైదరాబాదుకి రాలేదు. ఆ ఢిల్లీ మ్యూజియం కూడా 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున మంటల్లో కాలిపోయింది.

హెర్బేరియంలో ఒక గంట ఎలా గడుస్తుందో చూద్దాం. ఇనుప బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. అరల్లో మందపాటి అట్టల మధ్య, సుమారు మూరెడు పొడవున్న తెల్ల కాయితాలు దొంతరలుగా ఉంటాయి. ఒక్కో కాయితం మీద ఎండబెట్టి అణచి అంటించిన ఒక్కో కొమ్మ. పాతకాలపు కాయితాలకు పురుగు పట్టకుండా పాదరసపు విషం పూసేవారు, అందుకే వేలితో తడమొద్దని ముందే హెచ్చరిస్తారు. ఇక్కడ తంగేడు కొమ్మ ఒకటి తీశారనుకోండి. పసుపు రంగు ఎప్పుడో పోయి గోధుమరంగు మిగిలి ఉంటుంది. కింద కుడివైపు మూలన చిన్న చీటీ: ఏ ఊరు, ఏ తేదీ, ఎంత ఎత్తున, ఏ నేల, ఎవరు కోశారు. పేరు దగ్గర ఒక కొట్టివేత. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దీన్ని కేసియా అన్నాడు, తర్వాత సెన్నా అయింది. ఆ మార్పు చేసిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో తోట పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాడు. మొక్కలకు తెలుగువాళ్లు ఏమంటారో అడిగి రాసుకున్నవాడు. ఎండిన కొమ్మ ముందు నిలబడి ఈ కథ వింటే తంగేడు పూవు ఇక వేరేగా కనిపిస్తుంది.

పాముల సీసాలు ఇంతకంటే అక్కరకొస్తాయి. వానాకాలం వస్తే నగర శివారు కాలనీల్లో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒక పాము ఫొటో తిరుగుతుంది, కింద ఇరవై మంది ఇరవై పేర్లు పెడతారు. కట్లపాము విషం ప్రాణం తీస్తుంది. దానిలాగే ఒంటిమీద తెల్లచారలుండే, విషం లేని మరో పాము ఇళ్లలోకి ఎక్కువగా వస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని తోడేలు పాము అంటారు. చాలా మంది దాన్ని చూసి కట్లపామే అనుకుని కర్ర తీస్తారు. రెండు సీసాలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. కట్లపాముకి చారలు మెడ దగ్గర సరిగా ఉండవు, తోకవైపు వెళ్లేకొద్దీ తేటపడతాయి. రెండోదానికి మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాము వెన్ను మీది పొలుసుల వరస మిగతా పొలుసులకంటే పెద్దగా, ఆరు పలకలుగా ఉంటుంది. ఈ తేడాలు తెలిసినంత మాత్రాన ఎవరూ పామును పట్టుకోబోకూడదు, ఆ పని నేర్చినవాళ్లను పిలవాలి. కానీ వీటిని నింపాదిగా చూడటానికి గాజు సీసా కంటే సురక్షితమైన చోటు లేదు. కాలనీ సంఘం కార్యదర్శి, వాచ్‌మన్, ఇద్దరు అమ్మలు కలిసి ఒక సాయంత్రం ఆ సీసాల ముందు గడిపితే, ఏడాది సభ్యత్వం డబ్బు అక్కడే తీరిపోయినట్టు.

బతుకమ్మకు ముందు ఒక ఆదివారం

ఇలాంటి కార్యక్రమాల పట్టికలను విదేశీ మ్యూజియాల నుంచి ఎత్తుకొచ్చి అతికిస్తే అతకవు. డైనోసార్ కింద దుప్పటి పరుచుకుని పిల్లలు పడుకునే రాత్రులు లండన్‌లో బాగా నడుస్తాయి. మన అమ్మానాన్నలు ముందు అడిగేది బాత్‌రూమ్ ఎక్కడ, దోమలుంటాయా, తోడు ఎవరుంటారు అని. అడగాల్సినవే అవి. దానికంటే మన క్యాలెండర్‌లో ముందే ఉన్న రోజుల్ని పట్టుకోవడం తెలివైన పని.

బతుకమ్మనే చూద్దాం. తొమ్మిది రోజులు ఊరంతా పూలతో గడిపే పండుగ ఇది, మరే ఊరికి ఇలాంటి వరం ఉంది? ఎంగిలిపూల నాటికి వారం ముందు ఆదివారం సభ్యుల్ని పిలిచి, పేర్చే ముందు పూలను విడదీసి చూపించవచ్చు. గునుగు కంకి ఒకటి భూతద్దం కింద పెడితే అది ఒక పువ్వు కాదని, కాడ చుట్టూ ఒత్తుగా అమర్చిన చిన్న చిన్న పూల గుంపని తెలుస్తుంది. ముదిరిన కంకిని అరచేతిలో దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి. అచ్చం తోటకూర గింజల్లాగే ఉంటాయి, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. లేత గునుగాకు కూర వండుకునే పెద్దమ్మలకు ఈ చుట్టరికం చెప్పనక్కర్లేదు, నాలుక మీదే తెలుసు. ఆ సంగతి వాళ్ల చేత అక్కడే చెప్పిస్తే ప్రసంగం అక్కర్లేదు.

ఆ గదిలోనే ఇంకో ప్రశ్న లేస్తుంది. ఒకప్పుడు ఇంటి పక్క ఖాళీ జాగాలో కోసుకొచ్చిన గునుగు ఇప్పుడు గుడిమల్కాపూర్ మార్కెట్లో కొనుక్కోవాల్సి వస్తోంది ఎందుకు? జొన్న చేలల్లో కలుపుగా మొలిచే మొక్క అది. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. సభ్యులు తలా ఒక కాలనీ పేరు చెప్పి, అక్కడ గునుగు, తంగేడు ఇంకా ఉన్నాయో లేదో రాసుకొస్తే, నాలుగైదేళ్లకు అది చిన్న పటం అవుతుంది. 1883లో ఆ ఎనిమిది మంది చేసింది కూడా దాదాపు ఇదే.

దసరాకి పాలపిట్ట, జమ్మి ఉన్నాయి. పండగనాడు పాలపిట్టను చూడాలని పంజరాల్లో పెట్టి తిప్పేవాళ్లకు డబ్బులిచ్చే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని ఒప్పుకోదు. పొద్దున్నే పొలాల వైపు వెళ్లి తీగ మీద వాలిన పాలపిట్టను బైనాక్యులర్లో చూపిస్తే పుణ్యం, చట్టం రెండూ దక్కుతాయి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ‘మీ ఇంట్లో ఉన్న వింత వస్తువు తెచ్చి చూపించండి’ అనే రోజులు విదేశాల్లో పేరుపడ్డ కార్యక్రమం. తాతగారి పెట్టెలోంచి రాయి, గవ్వ, ఎముక పట్టుకొస్తే నిపుణుడు అదేమిటో చెబుతాడు. ఇక్కడ అదే పెడితే తాతగారి పెట్టెలోంచి జింక కొమ్ములు, పులిగోరు బయటికొస్తాయి. రాలిన నెమలి ఈకలకు చట్టంలో మినహాయింపు ఉంది గానీ పులిగోరుకు లేదు, కొన్ని సముద్రపు గవ్వలు కూడా రక్షిత జాబితాలో ఉన్నాయి. పాపం, పెద్దాయన ముచ్చటపడి తెచ్చింది కేసు అయి కూర్చుంటుంది. రాళ్లు, మొక్కలు, ఫొటోలు మాత్రమే తెమ్మని ముందే గట్టిగా చెప్పుకోవాలి.

శాలువా, మెమెంటో, సమోసా

సామాజిక కార్యక్రమం అనగానే మన సభా సంప్రదాయం తయారుగా ఉంటుంది. ఆరింటికి కార్యక్రమం, ఆరున్నరకు ముఖ్య అతిథి కారు బయల్దేరిందన్న వార్త, ఏడింటికి జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదిక మీద ఎనిమిది మంది పరిచయం, ఎనిమిది శాలువాలు, ఎనిమిది మెమెంటోలు. శాస్త్రవేత్తకు మైకు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. ఆయనకు మిగిలేది పన్నెండు నిమిషాలు, అందులోనూ ‘సమయాభావం వల్ల’ అనే చీటీ ఒకటి ముందుకొస్తుంది. సభ్యుల కార్యక్రమాన్ని చంపాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. వేదిక తీసేసి టేబుళ్లు పెడితే సగం రోగం కుదురుతుంది. టేబులు వెనక నిలబడ్డ పరిశోధకురాలికి శాలువా కప్పాలని ఎవరికీ తోచదు.

హైదరాబాదీలు మ్యూజియంలో కలిసికట్టుగా చూడగలరనడానికి సాలార్‌జంగ్ మ్యూజియం గడియారమే సాక్ష్యం. గంట కొట్టే వేళకు పది నిమిషాల ముందే జనం ఆ గడియారం ముందు చేరతారు. లోపలినుంచి చిన్న మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది, అంతే. ఎవరో తెలియని పిల్లను ముందుకు జరగనిస్తారు, పొట్టివాళ్లను చంకనెత్తుకుంటారు, అయిపోగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఫలానా వేళకు ఫలానా చోట ఏదో జరుగుతుందన్న నమ్మకం ఉంటే చాలు, జనం గుమిగూడతారు. 1938లో మొదలైన నుమాయిష్ ప్రదర్శనకు తరాలు మారినా జనం వెళ్తున్నది కూడా ఆ నమ్మకంతోనే. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి అని ఒక్క వేళ పెట్టుకుని, వానొచ్చినా బంద్ అయినా ఆ వేళకు తలుపు తెరిస్తే, రంగురంగుల బ్రోషర్లు అక్కర్లేదు.

చాయ్, సమోసాల సంగతి తీసిపారేయాల్సింది కాదు. నడక అయ్యాక రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర జరిగే మాటల్లోనే కొత్తవాడు తన అనుమానం బయటపెడతాడు. మైకు ముందు అడగడానికి సిగ్గుపడ్డ ప్రశ్న అక్కడ వస్తుంది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఇంటర్ కుర్రాడు, దంతవైద్యురాలు ఒకే పురుగు గురించి వాదించుకోవడానికి ఈ ఊళ్లో చోట్లు ఎన్నున్నాయి? జులై ఆగస్టుల్లో తెల్లదుప్పటి కట్టి వెనక దీపం పెట్టి రాత్రి చిమ్మెటల్ని పిలిచే కార్యక్రమం ఇందుకు బాగా సరిపోతుంది. ఖర్చు దాదాపు లేదు, చూడటానికి గంటలు పడుతుంది, మధ్యలో మాట్లాడుకోవడం తప్ప పనుండదు.

భాష విషయం ఎవరూ పైకి అనరు గానీ అడ్డుగోడ అదే. శాస్త్రవేత్తకు ఇంగ్లీషులో చెప్పడం అలవాటు, వినేవాళ్లలో సగం మంది తలూపుతారు తప్ప అడగరు. తెలుగులో ఒకసారి, దక్కనీ ఉర్దూలో ఒకసారి అదే గది తిప్పి చూపిస్తే వచ్చే ప్రశ్నలే వేరు. కొర్రమీను అనగానే వంద మందికి కథలుంటాయి, దాని లాటిన్ పేరు ముందు చెబితే ఒక్కరికీ ఉండవు.

డబ్బు, తాళంచెవి

ఆచరణలో అడ్డం వచ్చేవి రెండు. ప్రభుత్వ కార్యాలయంలో వసూలైన డబ్బు సాధారణంగా ఖజానాకు వెళ్తుంది, దాన్ని మళ్లీ చాయ్‌కీ భూతద్దాలకూ తెచ్చుకోవడం ఓ పట్టాన తేలదు. అందుకే చాలాచోట్ల మ్యూజియం పక్కన ‘మిత్రుల సంఘం’ ఒకటి విడిగా రిజిస్టర్ చేస్తారు, చందాలు దానికి వస్తాయి, ఖర్చు అది పెడుతుంది. జంతువుల దత్తత పథకంతో మన జూ జనం డబ్బుకు ఒక దారి చూపించింది, పులికో ఏనుగుకో ఏడాది తిండి ఖర్చు ఇచ్చేవాళ్లు ముందుకొస్తున్నారు. సీసాలో పామును దత్తత తీసుకునేవాళ్లు దొరకడం కాస్త కష్టం. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కొత్త హాలు కట్టడానికి ఉత్సాహంగా వస్తుంది, రిబ్బన్ కత్తిరించే ఫొటో ఉంటుంది కాబట్టి. అదే హాల్లో మూడేళ్ల తర్వాత నెలనెలా ఒక సాయంత్రం నడపడానికి రాదు. ఆ చిల్లర ఖర్చును భరించేది సభ్యత్వమే.

రెండోది తాళంచెవి. వెనక గదికి బాధ్యుడైన అధికారి సంతకం చేసి నమూనాలు అప్పగించుకుని ఉంటాడు. ఒక్క సీసా పగిలితే విచారణ ఆయన మీదికే వస్తుంది. శనివారం సాయంత్రం ముప్ఫై మందిని లోపలికి తీసుకెళ్తే ఆయనకు ఒరిగేది లేదు, పోయేది చాలా ఉంది. ఆయన తలుపు తెరవకపోవడం మొండితనం అనుకోవడం అన్యాయం. జట్టుకు పన్నెండు మంది మించకుండా, సంచులు బయట పెట్టించి, ముందే శిక్షణ ఇచ్చిన సభ్యులిద్దర్ని తోడుగా ఉంచి, ఏ బీరువా తీశారో పుస్తకంలో రాసి, నష్టం జరిగితే భరించేది సంఘమని కాయితం మీద పెట్టాలి. అప్పుడు గానీ ఆయన ధైర్యం చేయలేడు. విదేశీ మ్యూజియాల్లో స్వచ్ఛంద సేవకుల వ్యవస్థ వెనక ఉన్నది ఇలాంటి విసుగు పుట్టించే నియమాలే.

చీటీ మీద పేరు

మేరీ ఆనింగ్ దగ్గర ఆగిన మాట ఇప్పుడు. కలివికోడి అనే పక్షిని 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరూ చూడలేదు, అంతరించిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవుల్లో అది మళ్లీ కనిపించింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికినవారు భరత్ భూషణ్. రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని చేతికి చిక్కించుకున్నది మాత్రం ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పక్షి ఎక్కడ తిరుగుతుందో, ఎప్పుడు కదులుతుందో ఆయనకు తెలుసు. శాస్త్రం ఎనభై ఐదేళ్లు పోగొట్టుకున్న పక్షికి ఆ ఊళ్లో కలివికోడి అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఐతన్నలాంటివారు ఏ సొసైటీకి చందా కట్టి ఉంటారు?

సభ్యత్వ రుసుముకు రాయితీ పట్టికలో సాధారణంగా విద్యార్థులు, వృద్ధులు, కుటుంబాలు ఉంటారు. చేపలు పట్టేవాళ్లు, మందుమొక్కలు తెచ్చేవాళ్లు, మేకలు కాసేవాళ్లు ఉండరు. హుస్సేన్‌సాగర్, మీరాలం, అమీన్‌పూర్ చెరువుల్లో ఏ చేప తగ్గింది, ఏది కొత్తగా వచ్చింది అన్నది వల వేసేవాళ్లకే ముందు తెలుస్తుంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపు వచ్చింది, ఆ చెరువు మీద బతికేవాళ్లకు మాత్రం మ్యూజియంలో కుర్చీ రాలేదు. వాళ్లను ఊరికే సభ్యులుగా చేర్చుకుని, ఒక సాయంత్రం టేబులు వెనక నిలబెట్టి, టేబులు ముందు శాస్త్రవేత్తలను నిలబెడితే ఆ కార్యక్రమానికి టికెట్టు పెట్టినా జనం వస్తారు.

యామన్‌పల్లి సంగతీ అంతే. ఆ నేలలోంచి వచ్చిన ఎముకలు నౌబత్ పహాడ్ మీద నిలబడి రెండు దశాబ్దాలు దాటింది. మొదటి సభ్యుల సాయంత్రానికి ఆ ఊరి నుంచి ఒక బస్సు నిండా జనాన్ని పిలవాలి. పిల్లల్ని, చేలల్లో ఎముకలు తేలినప్పుడు చూసిన పెద్దల్ని కూడా. రాత్రి బయల్దేరితే పొద్దుటికి చేరతారు. ఎవరికీ శాలువాలు వద్దు. తలుపులు ఒక గంట ముందు తెరిచి, రెయిలింగ్ అవతలికి తీసుకెళ్లి, ఆ తల నిజమైంది కాదని మొదట వాళ్లకే చెబితే చాలు.